యుగాంతానికీ హెచ్చరికకీ ఒక్క 'తే' తేడా

మా హాస్టల్లో యుగాంతం వారానికి కనీసం రెండుసార్లు వస్తుంది. ఒకసారి ఇంటి నుంచి వస్తుంది, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో "బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అనే వీడియో రూపంలో. రెండోది మనమే తెచ్చుకుంటాం. రాత్రి పన్నెండు దాటాక ఫోన్ చూస్తూ, ఇరవై ఏళ్ళలో వాతావరణం చెడిపోయి నాగరికత కూలిపోతుందట, ఐదేళ్ళలో ఏఐ మన ఉద్యోగాలన్నీ తినేస్తుందట, ఇంక ఈ డేటా స్ట్రక్చర్స్ అసైన్‌మెంట్ ఎందుకురా అనుకుంటాం.

మొదటిదాన్ని చూసి నవ్వుతాం. రెండోదాన్ని చూసి నిద్రపోం.

ఈ రెండిటి గురించీ మన దగ్గర రెండు రెడీమేడ్ అభిప్రాయాలు ఉన్నాయి. ఒకటి: పాతవన్నీ మూఢనమ్మకాలు, కొత్తవన్నీ సైన్స్. రెండోది: అన్నీ ఒకటే, ప్రతి తరం తనతోనే లోకం అయిపోతుందనుకుంటుంది, ఏమీ కాదు, పడుకో. నాకు రెండూ సగం సగమే నిజం అనిపిస్తాయి. పాతదా కొత్తదా అన్నది అసలు పాయింట్ కాదు. ఆ జోస్యం ఎలాంటి వాక్యంలో ఉందన్నదే పాయింట్. అదెలాగో ఒక్కొక్క ఉదాహరణతో చూద్దాం.

మీటర్ తిరిగితే లోకం ఆగదు

2012 డిసెంబర్ 21 గుర్తుందా? మనం అప్పుడు ఒకటో క్లాసు పిల్లలం. మాయన్ క్యాలెండర్ ఆ రోజుతో ముగుస్తుంది కాబట్టి లోకం కూడా ముగుస్తుందని టీవీల్లో ఒకటే గోల.

మాయన్లు మధ్య అమెరికా వాళ్ళు, అంటే ఇప్పటి గ్వాటెమాలా, దక్షిణ మెక్సికో ప్రాంతం. వాళ్ళ పొడవు లెక్క చాలావరకు 20 బేస్‌లో నడుస్తుంది. ఒక రోజు ఒక కిన్. 20 కిన్‌లు ఒక వినాల్. 18 వినాళ్ళు ఒక తున్, అంటే 360 రోజులు. 20 తున్‌లు ఒక కతున్. 20 కతున్‌లు ఒక బక్తున్, అంటే 1,44,000 రోజులు. 13 బక్తున్‌లు పూర్తయితే 18,72,000 రోజులు, సుమారు 5,125 ఏళ్ళు. ఈ లెక్క క్రీ.పూ. 3114లో మొదలైంది కాబట్టి 2012లో 13 బక్తున్‌లు నిండాయి. అంతే జరిగింది.

బైక్ మీటర్‌లో 99,999 తర్వాత సున్నాలు పడితే బండి పేలిపోదు కదా. పైగా పాలెంకే అనే నగరంలో దొరికిన ఒక శాసనంలో మాయన్లు క్రీ.శ. 4772 నాటి తేదీ కూడా లెక్కకట్టి చెక్కారు. 2012తో లోకం పోతుందని నమ్మినవాళ్ళు 4772 గురించి రాసుకోరు. అంటే ఆ జోస్యం మాయన్లది కాదు, వాళ్ళ పేరు మీద మన కాలం అల్లుకున్నది.

దీనికంటే ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మాయన్ నగరాలు నిజంగానే కూలిపోయాయి. కాకపోతే క్రీ.శ. 800 నుంచి 1000 మధ్యలో. చెరువుల అడుగు మట్టినీ, గుహల్లో పెరిగిన సున్నపురాయి పొరల్నీ పరీక్షిస్తే ఆ కాలంలో వరసగా తీవ్రమైన కరువులు వచ్చినట్టు తెలిసింది. కరువుకి నగరాల మధ్య యుద్ధాలు తోడయ్యాయి. టికాల్ లాంటి మహానగరం అడవి పాలైంది. పొడవు లెక్కలో చెక్కిన తేదీల్లో మనకి దొరికిన చివరిది తోనినా అనే చోట ఉంది, క్రీ.శ. 909 నాటిది.

అంటే తేదీ వేసిన యుగాంతం రాలేదు. తేదీ లేని పతనం వచ్చింది, అది కూడా ఒక్క రోజులో కాదు, తరాల తరబడి. ఆ పతనం తర్వాత కూడా మాయన్లు ఉన్నారు. మాయన్ భాషలు మాట్లాడేవాళ్ళు ఈరోజుకీ లక్షల్లో ఉన్నారు. రాజులు పోయారు, శాసనాలు చెక్కడం పోయింది, జనం మాత్రం మిగిలారు. "నాగరికత కూలిపోతుంది" అన్న మాట వినగానే మనకి సినిమాలో పగిలే భూమి గుర్తొస్తుంది. చరిత్రలో కూలడం అంటే ఇది.

మన దగ్గరి లెక్క

మనకీ ఒక మీటర్ ఉంది. కలియుగం మొత్తం 4,32,000 ఏళ్ళు. సంప్రదాయ లెక్క ప్రకారం క్రీ.పూ. 3102లో మొదలైంది. పైన చెప్పిన మాయన్ మొదలుకీ దీనికీ 12 ఏళ్ళే తేడా, కానీ అది కేవలం కాకతాళీయం, దాని మీద వీడియో చెయ్యకండి ప్లీజ్. ఇంట్లో పూజ జరిగేటప్పుడు సంకల్పంలో పంతులుగారు కలియుగం మొదటి పాదం అని చెప్తారు, గమనించే ఉంటారు. ఆ లెక్కన ఇంకా 4,26,000 ఏళ్ళ పైనే ఉంది. బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేసుకోవడానికి సరిపోతుంది.

అంత దూరం ఆగలేని మనసు కోసం కాలజ్ఞానం ఉంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 17వ శతాబ్దం వారని చెప్తారు. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారనీ, కడప జిల్లా కందిమల్లాయపల్లెలో, అంటే ఇప్పటి బ్రహ్మంగారి మఠంలో, సజీవ సమాధి అయ్యారనీ భక్తుల నమ్మకం. 1984లో ఎన్టీఆర్ సినిమా వచ్చాక ఆ మాటలు ఇంటింటికీ చేరాయి.

మా అమ్మమ్మ తరచూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఒక విధవరాలు పదహారేళ్ళు దేశాన్ని ఏలుతుందని బ్రహ్మంగారు చెప్పారట, అది ఇందిరాగాంధీయేనట. లెక్క కట్టి చూశాను. 1966 జనవరి నుంచి 1977 మార్చి దాకా, మళ్ళీ 1980 జనవరి నుంచి 1984 అక్టోబర్ దాకా. కలిపితే పదహారేళ్ళకి కొద్ది రోజులే తక్కువ. "చూశావా!" అంది అమ్మమ్మ.

చూశాను కానీ, మన మెషీన్ లెర్నింగ్ క్లాసులో మొదటి వారంలోనే చెప్పే మాట కూడా గుర్తొచ్చింది. ట్రైనింగ్ డేటా మీద నూటికి నూరు వచ్చిందని గంతులెయ్యకు, టెస్ట్ డేటా మీద ఎంత వచ్చిందో చెప్పు. కాలజ్ఞానంలో అన్వయాలన్నీ సంఘటన జరిగాక వచ్చినవే. వందల మాటలున్నాయి, వందల ఏళ్ళ చరిత్ర ఉంది, ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట సరిపోకుండా ఉండదు. 1965లో కూర్చుని "ఫలానా ఆవిడ, ఫలానా ఏడు నుంచి" అని చెప్పి ఉంటే అది టెస్ట్ డేటా. సరిపోయినవి గుర్తుపెట్టుకుని, సరిపోనివి వదిలేస్తే ఏ మోడల్‌కైనా వంద శాతం వస్తుంది.

ఇది బ్రహ్మంగారిని తక్కువ చెయ్యడం కాదు. ఆయన శిష్యుల్లో ముఖ్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటివాడని కథ. కులాల గోడలు అంత ఎత్తుగా ఉన్న రోజుల్లో అది చిన్న విషయం కాదు. నాకు అనిపించేదేంటంటే, ఇలాంటి జోస్యాల్లో భవిష్యత్తు కన్నా అవి పుట్టిన కాలపు బాధే ఎక్కువ ఉంటుంది. కరువు, దొంగ గురువులు, న్యాయం తలకిందులవడం. "ఇలా ఉంటే లోకం నిలబడదు" అన్న ఆవేదన కాలక్రమంలో "ఫలానా రోజున లోకం పోతుంది" అనే వార్తగా మారిపోతుంది.

1962 ఫిబ్రవరిలో మకరరాశిలో ఎనిమిది గ్రహాలు కలిసినప్పుడు ఇదే జరిగింది. అష్టగ్రహ కూటమి అని దేశమంతా యజ్ఞాలు, జపాలు. ఆ మూడు రోజులూ మామూలుగానే గడిచిపోయాయి. అక్టోబర్‌లో చైనా యుద్ధం వచ్చేసరికి "అదిగో, దాని ఫలమే" అన్నారు. తేదీ తప్పితే గడువు పొడిగించడం అన్నమాట, మన అసైన్‌మెంట్ల లాగా.

సైన్స్ పేరుతో వచ్చినవన్నీ నిజమయ్యాయా?

లేదు. 1968లో పాల్ ఎర్లిక్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త 'ది పాపులేషన్ బాంబ్' అనే పుస్తకం రాశాడు. 1970లలో కోట్లాది మంది ఆకలితో చనిపోవడం ఖాయం, ఇప్పుడు ఏం చేసినా ఆగదు అన్నాడు. మన దేశం మీద ఆయనకి అసలు ఆశ లేదు.

ఆ స్థాయిలో కరువు చావులు రాలేదు. ఎందుకు రాలేదు? 1965లో దేశంలో గోధుమ దిగుబడి సుమారు 1.2 కోట్ల టన్నులు, 1970కి 2 కోట్ల టన్నులు. వరిలో ఫిలిప్పీన్స్ పరిశోధనా కేంద్రం నుంచి ఐఆర్8 అనే పొట్టి రకం వచ్చింది. ఆ పుస్తకం రావడానికి ఏడాది ముందే, 1967లో, పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు దాన్ని పండించి చూపించాడు. ఆయనకి మిస్టర్ ఐఆర్8 అనే పేరు కూడా వచ్చింది. ఎర్లిక్ లెక్కలో జనాభా ఉంది కానీ ఆచంట లేదు.

అలాగని ఎర్లిక్ భయపడిన సమస్య మాయమైపోలేదు. ఆ దిగుబడి కోసం ఎరువులు వేశాం, బోర్లు తవ్వాం. పంజాబ్‌లో భూగర్భ జలం ఏటేటా ఇంకా కిందికి పోతూనే ఉంది. తప్పించుకున్నాం అనడం కంటే టైమ్ కొనుక్కున్నాం అనడం కరెక్ట్.

ఇక్కడ ఎర్లిక్ పొరపాటు సైన్స్‌లో కంటే వాక్యంలో ఉంది. "ఇలాగే సాగితే" అనాల్సిన చోట "ఖాయం" అన్నాడు. చొక్కా కొత్తది, మాట పాత జోస్యమే.

దానికి పక్కన పెట్టి చూడాల్సిన పుస్తకం 'లిమిట్స్ టు గ్రోత్'. 1972లో వచ్చింది. ఎంఐటీలో డొనెల్లా మెడోస్, డెనిస్ మెడోస్ బృందం వరల్డ్3 అనే కంప్యూటర్ మోడల్ రాశారు. జనాభా, ఆహారం, పరిశ్రమలు, కాలుష్యం, తరిగిపోయే వనరులు, వీటి మధ్య ఫీడ్‌బ్యాక్ లూపులు. అలవాట్లు మారకపోతే వందేళ్ళలోపు ఎదుగుదల ఆగి పడిపోతుందని ఒక రన్ చెప్పింది. కానీ వాళ్ళు ఒక్క రన్‌తో ఆపలేదు. పన్నెండు రన్‌లు చూపించారు. జనాభా, ఉత్పత్తి అదుపులో పెట్టుకుంటే నిలకడగా సాగే రన్‌లు కూడా అందులో ఉన్నాయి. ఇన్‌పుట్ మార్చు, అవుట్‌పుట్ మారుతుంది.

నేను ఈ వ్యాసం మొదలుపెట్టిందే ఈ చిన్న తేడా చెప్పడానికి. తెలుగులో అది ఒక్క అక్షరం. "వస్తుంది" అంటే జోస్యం. "ఇలా చేస్తే వస్తుంది, ఇలా ఆపితే రాదు" అంటే హెచ్చరిక. ఆ 'తే' ఉంటే మన చేతిలో ఏదో ఉన్నట్టు. అది లేకపోతే మనం ప్రేక్షకులం.

జరగలేదు కాబట్టి అబద్ధమా?

ఇక మన బ్రాంచ్ యుగాంతం, వైటూకే. పాత ప్రోగ్రాముల్లో మెమరీ ఖరీదు కాబట్టి సంవత్సరాన్ని రెండంకెల్లో దాచేవాళ్ళు. 99 తర్వాత 00 వస్తే అది 2000 కాదు, 1900 అనుకుంటుంది. బ్యాంకు వడ్డీలు, కరెంటు గ్రిడ్లు, విమానాలు అన్నీ ఆగిపోతాయని భయం.

2000 జనవరి 1న పెద్దగా ఏమీ జరగలేదు. అమెరికా నేవల్ అబ్జర్వేటరీ వెబ్‌సైట్‌లో సంవత్సరం 19100 అని పడింది. ఎందుకో మీకు తెలుసు: ఏడాదిని 1900 నుంచి లెక్కపెట్టి, దాని ముందు 19 అని అతికించారు. అలాంటి చిన్నచిన్నవే. దాంతో జనం వైటూకే ఒక పెద్ద మోసం అనేశారు.

మా మావయ్య 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని ఈ పని మీదే అమెరికా వెళ్ళాడు. ఆ ఏడాదే హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. తెలుగు ఇళ్ళలో అమెరికా అన్న మాట మామూలైపోవడంలో ఆ రెండేళ్ళ పాత్ర చాలా ఉంది. మొన్న ఫోన్‌లో "ఏమీ జరగలేదంట కదా మావయ్యా" అని గెలికాను. "ఏమీ జరక్కుండా చూడ్డానికే కదరా మాకు జీతం ఇచ్చింది" అన్నాడు. లక్షల లైన్లు చదివి, తేదీ ఎక్కడెక్కడ దాక్కుందో వెతికి, మార్చి, టెస్ట్ చేసి. ప్రపంచం మొత్తం దీనికి 30,000 కోట్ల డాలర్ల పైనే ఖర్చుపెట్టిందని అంచనా. ఇటలీ లాంటి దేశాలు తక్కువ ఖర్చుపెట్టి కూడా పెద్దగా దెబ్బతినలేదు కాబట్టి కొంత అతి జరిగిన మాట నిజమే. కానీ మరమ్మతు చేసిన వంతెన కూలలేదని మరమ్మతు దండగ అనలేం.

ఇదే వింత. ఫలించిన హెచ్చరిక అబద్ధంలా కనిపిస్తుంది. విని జాగ్రత్తపడితే ఆ ప్రమాదం రాదు, రాకపోతే చెప్పినవాడు వెర్రివాడవుతాడు. ఓజోన్ పొరదీ అదే కథ. అంటార్కిటికా మీద చిల్లు సంగతి 1985లో బయటపడింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, ఆ రసాయనాలు దాదాపు ఆపేశారు, పొర మెల్లగా కోలుకుంటోంది. అందుకే ఇప్పుడు ఎవరూ దాని గురించి రీల్ చెయ్యరు.

హెచ్చరిక విలువ తెలియాలంటే కృష్ణా జిల్లా వాళ్ళని అడగాలి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. అప్పటికి తుపాను షెల్టర్లు గానీ, ఊరూరికీ వార్త చేర్చే ఏర్పాట్లు గానీ సరిగ్గా లేవు. 1990 మేలో మళ్ళీ అదే తీరానికి పెద్ద తుపాను వచ్చింది. ఈసారి ఆరు లక్షల పైన జనాన్ని ముందే తరలించారు. దాదాపు వెయ్యి మంది చనిపోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ నగరం మీదుగానే వెళ్ళింది, మన రాష్ట్రంలో చనిపోయినవాళ్ళ సంఖ్య పదుల్లో ఆగింది. గాలి శాంతించలేదు. అంచనా మెరుగైంది, ఆ అంచనాకి ఒక బస్సు, ఒక షెల్టర్, ఒక దండోరా తోడయ్యాయి.

నిజంగా కొత్తగా వచ్చిన భయం

పాత యుగాంతాల్లో లోకాన్ని ముగించేది దేవుడో, గ్రహాలో. మనిషికి ఆ శక్తి 1945 తర్వాతే వచ్చింది. 1947లో అణుశాస్త్రవేత్తల పత్రిక 'డూమ్స్‌డే క్లాక్' మొదలుపెట్టింది. అర్ధరాత్రి అంటే సర్వనాశనం. మొదట 7 నిమిషాలు దూరంలో పెట్టారు. 1991లో ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక 17 నిమిషాలకి వెనక్కి జరిపారు. 2025 జనవరిలో 89 సెకన్లు. ఇది కొలిచిన సంఖ్య కాదు, కొందరు నిపుణులు కూర్చుని తేల్చిన అభిప్రాయం. కానీ ఈ గడియారం ముల్లు వెనక్కి కూడా తిరుగుతుంది. కలియుగం మీటర్ తిరగదు.

1983 సెప్టెంబర్ 26 రాత్రి సోవియట్ హెచ్చరిక వ్యవస్థ అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నాయని చూపించింది. డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ స్క్రీన్‌ని నమ్మలేదు. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాళ్ళు ఐదింటితో ఎందుకు మొదలుపెడతారు అనుకుని తప్పుడు అలారం అని రిపోర్ట్ చేశాడు. మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణి మంటలుగా చదివింది. లోకం అంతమవడానికి ఒక బగ్, ఆగడానికి ఒక మనిషి అనుమానం. కోడ్ రాసేవాళ్ళుగా ఇది మనం గోడ మీద రాసుకోవాల్సిన కథ.

మరి మనం ఏం చెయ్యాలి?

ఇప్పుడు ఏ భయం కనిపించినా నేను నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను.

ఒకటి, ఇది తప్పని తేలే దారి ఉందా? ఏం జరిగినా సరిపోయేలా ఉంటే అది జోస్యం.

రెండు, వాక్యంలో 'తే' ఉందా?

మూడు, ఇదివరకు తప్పినప్పుడు చెప్పినవాళ్ళు మోడల్ మార్చారా, తేదీ మార్చారా?

నాలుగు, ఇది విన్నాక నాకు ఒక పని దొరికిందా, లేక చేతులు ముడుచుకున్నానా?

వాతావరణ మార్పుకి ఇవి పెట్టి చూడండి. 2024 సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందు కంటే 1.5 డిగ్రీలు దాటింది, ఇది కొలత. ఇంత వదిలితే ఇంత వేడెక్కుతుంది, తగ్గిస్తే ఇంతలో ఆగుతుంది, ఇది హెచ్చరిక. "ఫలానా ఏడుకల్లా అందరం పోతాం, ఇంకేం చేసినా లాభం లేదు" అన్న రీల్ మాత్రం గ్రాఫ్ వేసుకొచ్చిన కాలజ్ఞానం. మొదటి రెండూ నమ్మడానికి మూడోది నమ్మక్కర్లేదు.

ఏఐ సంగతీ అంతే. కొన్ని పనులు పోతాయి, పోతున్నాయి. ఎవరు ఏం నేర్చుకుంటే నిలబడతారు, కంపెనీలని ఏ నియమాల్లో పెడితే నష్టం తగ్గుతుంది, ఇవి నిజమైన ప్రశ్నలు. మా ఫ్లోర్‌లో ఒకడు "అంతా అయిపోయింది కదా" అని రెండు నెలలుగా క్లాసులకి రావడం మానేశాడు. తెలివైనవాడు, మా అందరికీ రికర్షన్ అర్థమయ్యేలా చెప్పింది వాడే. యుగాంతం లోకానికి రాలేదు కానీ వాడి సెమిస్టర్‌కి వచ్చేలా ఉంది. నాకు ఈ జోస్యాల మీద కోపం అందుకే. అవి తప్పని కాదు, నమ్మినవాడి చేతిలో పని లాగేసుకుంటాయని. ఈ సంచిక వాడి గదికి నేనే పట్టుకెళ్ళి ఇస్తాను.

మనకీ ఒక తేదీ రాసిపెట్టి ఉంది. 32 బిట్ సైన్డ్ ఇంటిజర్‌లో 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే సిస్టమ్స్ 2,14,74,83,647 దగ్గర నిండిపోతాయి. మన టైమ్‌లో 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. ఆ తర్వాతి సెకనుకి అవి 1901లోకి వెళ్ళిపోతాయి. కొత్త కంప్యూటర్లు చాలావరకు 64 బిట్‌కి మారాయి. పాత మీటర్లలో, మెషీన్లలో, ఎక్కడో గోడౌన్ మూలన ఉన్న కంట్రోలర్లలో ఇంకా ఎన్ని మిగిలాయో వెతకాలి, మార్చాలి, టెస్ట్ చెయ్యాలి. అప్పటికి మనకి ముప్ఫై దాటుతుంది. ఆ పని మనదే. మనం సరిగ్గా చేస్తే ఆ ఉదయం ఏమీ జరగదు, సాయంత్రానికి జనం ఇదంతా ఒట్టి హడావిడి అని నవ్వుతారు. నవ్వనిద్దాం.